ఇల్లు మారేవేళ అమానతులు

 



పిల్లల పరీక్షలు ముగియగానే మన మొహల్లాల్లో ఇళ్ళు ఖాళీ చేసే కాలం మొదలవుతుంది. అట్టపెట్టెలు, గోనెసంచులు, తాళ్ళు సిద్ధమవుతాయి. ట్రాలీ ఆటో ఎన్ని గంటలకు వస్తుంది, బీరువా మెట్ల మలుపు తిరుగుతుందా, గాజు సామాను ఎందులో చుట్టాలి అని ఇంటిల్లిపాదీ యోచిస్తారు. ఈ యోచన అవసరమైనదే. అయితే తొలి పెట్టెకు తాడు కట్టకముందే విశ్వాసి తన గదులను ఒకసారి కలియజూసి, తనను తాను ప్రశ్నించుకోవలసి ఉంది: ఈ వస్తువుల్లో నావి కానివి ఏవి?

క్రీ.శ. 622లో మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మక్కాను విడిచిన రాత్రిని స్మరించండి. ఖురైషు తెగల యువకులు ఆయుధాలు ధరించి ఇంటి చుట్టూ కాపు కాశారు. ప్రాణం దక్కడమే గగనమైన ఆ ఘడియలో ఆ ఇంట్లో పరుల సొమ్ము ఉంది. ఆయన సందేశాన్ని నిరాకరించిన మక్కావాసుల సొమ్మది. నోటితో ఆయనను నిందించినవారు సైతం విలువైన వస్తువు దాచుకోవలసి వస్తే ఆయన గడపకే వచ్చేవారు. ఆయన హజ్రత్ అలీ (రజియల్లాహు అన్హు)ను తమ పడకపై పడుకోబెట్టి, ఆ అమానతులను హక్కుదారులకు అప్పగించిన తరువాతనే బయలుదేరమని ఆదేశించారు. హజ్రత్ అలీ (రజి) మూడు రోజులు మక్కాలో ఉండి, అప్పగింతలన్నీ పూర్తి చేసి, ఖుబాలో ఆయనను చేరుకున్నారు.

ఆ మక్కావాసులు ముస్లిముల పట్ల ఎలా వ్యవహరించారో కూడా చూడండి. హజ్రత్ సుహైబ్ రూమీ (రజి) తన సంపదనంతా వారికి వదిలితే గాని మక్కా పొలిమేర దాటలేకపోయారు. వలస వెళ్ళిన జహష్ కుటుంబం వారి ఇల్లు పరుల చేతుల్లో పడి అమ్ముడైపోయింది. “వాళ్ళు మా ఆస్తులు తిన్నారు, వాళ్ళ సొమ్ము మా దగ్గరుంది, చెల్లుకు చెల్లు” అనడానికి ఇంతకంటే బలమైన సాకు ఎవరికి దొరుకుతుంది? మహాప్రవక్త (సల్లం) ఆ లెక్క వేయలేదు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని దివ్య ఖుర్‌ఆన్‌లోని నిసా సూరా 58వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. హక్కుదారుడు మనవాడై ఉండాలనే షరతు ఆ ఆజ్ఞలో లేదు.

సోదరులారా! మన ఇళ్ళలోకి వద్దాం. పొరుగింటి నుండి తెచ్చిన నిచ్చెన, పెళ్ళి విందుకు అడిగి తెచ్చుకున్న దేగ్, బంధువు దాచమని ఇచ్చిన ధ్రువపత్రాలు, చెల్లెలి బంగారం, మసీదు చందా రసీదు పుస్తకం - ఇవన్నీ మన సామానులో కలిసిపోయి ఉంటాయి. ఒకసారి పెట్టెలో పడి కొత్త ఊరు చేరిన పరాయి వస్తువు తిరిగి యజమాని ముఖం చూడడం అరుదు. దొంగిలించాలని ఎవరూ అనుకోరు. “వచ్చినప్పుడు ఇద్దాంలే” అనుకుంటారు. ఏళ్ళు గడుస్తాయి.

అప్పు సంగతి మరింత గంభీరమైనది. కిరాణా దుకాణంలో ఖాతా పెరిగిపోయింది. పాలవాడికి రెండు నెలల బాకీ ఉంది. తొలి నెలల్లోనే చీటీ ఎత్తుకున్న వ్యక్తి మిగతా వాయిదాలు కట్టవలసి ఉంది. రాత్రికి రాత్రి సామాను ఎత్తించి, ఫోను నెంబరు మార్చి వెళ్ళిపోతే, తెల్లవారి తలుపుకు తాళం చూసి ఆ దుకాణదారుడు నివ్వెరపోతాడు. ఆ తరువాత మన మొహల్లాలో మరొక పేదవాడు పావుకిలో పప్పు అరువు అడిగితే అతడు చేయి విదిలిస్తాడు. పారిపోయినవాడు ఒక్క దుకాణదారుడికే కాక, ముఖం తెలియని ఆ పేదవాడికీ అన్యాయం చేశాడు. కొద్ది దీనారుల బాకీతో మరణించిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి మహాప్రవక్త (సల్లం) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీకి పూచీ పడిన తరువాతనే నమాజు చేయించారు. చేతిలో డబ్బు లేకపోవడం పాపం కాదు. లేనివాడు దుకాణానికి వెళ్ళి, ఎంత బాకీ ఉందో కాగితం మీద రాసిచ్చి, కొత్త చిరునామా చెప్పి, ఏ నెల ఎంత చెల్లించగలడో నిజాయితీగా ఒప్పుకోవాలి. అది సిగ్గుపడవలసిన విషయమని నేను అనుకోను.

అద్దె ఇంటి అడ్వాన్సు విషయంలో ఇరువైపులా తప్పులు జరుగుతున్నాయి. ఖాళీ చేసేవాడు పగిలిన పలకకు పాత క్యాలెండరు తగిలించి తాళం చెవి ఇచ్చేస్తాడు. యజమాని సున్నం ఖర్చు, రంగు ఖర్చు అంటూ ఒప్పందంలో లేనివి కోసుకుంటాడు. అతడు అడ్వాన్సు పట్టుకున్నాడు గనుక ఇంట్లోని ఫ్యాను విప్పుకుపోతానంటే ధర్మం సమ్మతించదు. మనల్ని వంచించినవాడిని మనం వంచించరాదని మహాప్రవక్త (సల్లం) బోధించారు. హక్కును నలుగురు పెద్దల ఎదుట బహిరంగంగా అడగాలి. యజమానులైన సోదరులు కూడా వినాలి: మీ చేతిలో ఉన్న అడ్వాన్సు మీ ఆదాయం కాదు, అదీ అమానతే.

సామాను మోసే కూలీతో మూడో అంతస్తు సంగతి ముందే చెప్పండి. చెప్పకుండా పిలిపించి, వచ్చాక అదే కూలికి మోయమనడం మోసం. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు మనందరికీ కంఠతా వచ్చు.

హిజ్రత్ ప్రయాణానికి సామాను సర్దినది హజ్రత్ అబూబకర్ (రజి) ఇంటివారు. ఆహారపు సంచి మూతి కట్టడానికి తాడు లేకపోతే ఆయన కుమార్తె హజ్రత్ అస్మా (రజి) తన నడికట్టును రెండుగా చీల్చి కట్టారు. అందుకే ఆమెకు జాతున్నితాఖైన్ అన్న బిరుదు వచ్చింది. ఆ సంచి పక్కన మన పెట్టెలను ఊహించుకోండి! పదేళ్ళుగా అటక దిగని వస్తువులను మరో అటకకు చేర్చడానికి కిరాయి కడుతున్నాం. దుప్పట్లు, పాఠ్యపుస్తకాలు, అదనపు గిన్నెలు బాగున్నప్పుడే అవసరమైనవారికి ఇవ్వండి. మనకిస్తే మనం కళ్ళు మూసుకొని తప్ప తీసుకోని నాసిరకాన్ని దానం చేయరాదని బఖరా సూరా 267వ ఆయతు హెచ్చరిస్తోంది. చిరిగిన పరుపును వీధి చివర పడేసి సదఖా అనుకోరాదు.

ఇంకొక మాట. సఫర్ నెలలో, ముఖ్యంగా తేరా తేజీ అని పిలిచే తొలి పదమూడు రోజుల్లో, ఇల్లు మారితే కీడు జరుగుతుందని మన దక్కను ప్రాంతంలో కొందరు ఇప్పటికీ భయపడుతున్నారు. సఫర్‌లో అపశకునం లేదని మహాప్రవక్త (సల్లం) స్పష్టంగా చెప్పారు. ఆ భయంతో రెండు ఇళ్ళకు అద్దె కట్టినవారు కూడా ఉన్నారు, పాపం.

కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే, మజిలీ చేసిన చోట అల్లాహ్ పరిపూర్ణ వాక్కుల ఆధారంగా సృష్టి కీడు నుండి శరణు వేడే దుఆ చదవండి. హజ్రత్ ఖౌలా బిన్తె హకీమ్ (రజి) ఉల్లేఖించిన ఈ దుఆ సహీహ్ ముస్లింలో ఉంది. రానివారు నమాజు తరువాత ఇమాము గారి వద్ద నేర్చుకోవచ్చు. మదీనాలో మహాప్రవక్త (సల్లం) హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట బస చేశారు. అతిథి కింది అంతస్తులో, ఆతిథ్యమిచ్చినవారు పైన. ఒక రాత్రి పైన నీటికుండ పగిలింది. చుక్క నీరు కింద పడకూడదని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక్క దుప్పటితో నీటిని అద్ది తీశారు. అపార్టుమెంటులో పై అంతస్తుకు చేరుతున్న కుటుంబాలు ఈ దుప్పటిని గుర్తుంచుకోవాలి: రాత్రి పదకొండు గంటలకు గోడకు మేకులు కొట్టేటప్పుడు, బట్టలు ఉతికిన నీరు కిందివారి బాల్కనీలోకి కారేటప్పుడు. కింద ఉన్నవారు ముస్లిములైనా, ముస్లిమేతరులైనా పొరుగువారి హక్కు ఉన్నదే.

ఈ నెలాఖరులో మన మొహల్లా విడిచి వెళ్తున్నవారు మసీదు నుండి తీసుకెళ్ళిన ఖుర్‌ఆన్ ప్రతులను, పుస్తకాలను, తాళం చెవులను అసర్ నమాజు తరువాత కమిటీవారికి అప్పగించండి. ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే ఈ రోజే సలాం చెప్పి క్షమాపణ కోరండి. బండి బయలుదేరే ఉదయం అందుకు తీరిక ఉండదు.

అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్‌ఫిరుల్లాహ లీ వలకుమ్ వలిసాయిరిల్ ముస్లిమీన్.