కన్యాశుల్కం సినిమా క్లాసులో వేయొచ్చా?

నిన్న రాత్రి చీపురుపల్లి నుంచి మా బావ ఫోను. తెలుగు మాష్టారు. "ఒరే, పిల్లలకి కన్యాశుల్కం సినిమా వేద్దామంటే స్టాఫ్‌రూంలో ఒకాయన కాపీరైటంటూ భయపెడుతున్నాడు. ఏటి కథ?"

విజయనగరంలో పుట్టిన నాటకాన్ని అక్కడి పిల్లలకి చూపించడానికి కూడా భయమేనా! నాటకం మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి, అది రాసిన గురజాడ 1915లోనే పోయారు. పేచీ సినిమాతోనే.

1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది. దాని 'జె' క్లాజు ప్రకారం బడి కార్యక్రమాల్లో సినిమా వేయొచ్చు. చూసేవాళ్లు మాత్రం టీచర్లు, పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, బడి పనులతో సంబంధం ఉన్నవాళ్లే అయి ఉండాలి. గమనించారా, పాఠంలో భాగమై ఉండాలని అందులో లేదు. శ్రీకాకుళం పిల్లలు తండేల్ సినిమా వేయమని గోల పెట్టినా ఈ క్లాజు కాస్తుంది. అదే విజయనగరం బొంకులదిబ్బ మీద తెర కట్టి ఊరందరికీ వేస్తే కాయదు.

కన్యాశుల్కానికి ఇంకో వెసులుబాటుంది. పి.పుల్లయ్య తీసిన ఆ సినిమా వచ్చింది 1955లో. గిరీశం ఎన్టీఆర్, మధురవాణి సావిత్రి. సినిమా హక్కు 60 ఏళ్లు, లెక్క మరుసటి ఏడాది జనవరి నుంచి. అంటే 2015 డిసెంబర్ 31తో సరి. పాటల ఖాతా మాత్రం వేరు. బాణీ కట్టిన ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆ సంగీతం మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది.

ఇంతా విని బావ, "అయితే ఫైలు క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేస్తాను" అన్నాడు. ఆగు బావా! 2 జీబీ దాకా వాట్సాప్ మోస్తుంది నిజమే. కానీ 'జె' క్లాజు చూపించడం గురించే, ఇది కాపీ చేసి పంచడం, పాటల హక్కేమో ఇంకా ఉంది. దానికి 'ఐ' క్లాజు, అక్కడ 'బోధనలో భాగంగా' అనే మాట ఉంది. ఢిల్లీ హైకోర్టు 2016లో ఆ మాటకి విశాలమైన అర్థమే చెప్పింది, అయితే ఆ కేసు యూనివర్సిటీ పుస్తకాల జిరాక్సులది. తండేల్ ఫైలు గ్రూపులోకి ఎక్కితే సాయంత్రానికి ఏ పిల్లాడి పెదనాన్న ఫోన్లోనో తేలుతుంది. అక్కడ బోధన ఎక్కడుంది?

హక్కుదారులే యూట్యూబ్‌లో పెట్టిన సినిమా అయితే లింకు పంపు, చాలు. నీ నెట్‌ఫ్లిక్స్‌తో బడిలో వేయాలంటే మాత్రం చట్టం కాసినా వాళ్ల షరతు ఒకటుంది: అకౌంటు సొంత వాడకానికే. వాళ్లే తీసిన కొన్ని డాక్యుమెంటరీలకి బళ్లలో ప్రదర్శించే అనుమతి ఇచ్చారు, టైటిల్ పేజీలో వెతుకు.

"ఇంతకీ నీ దగ్గరున్న కన్యాశుల్కం ఫైలు ఎక్కడిది బావా?" అన్నాను. లైను కట్.