రంగం నుంచి వచ్చిన ఖౌస్వే



ఈ రోజు నన్ను ఒక వంట గురించి చెప్పమన్నారు. వంట గురించి మీకు నేనేం చెప్తాను? మీరంతా నాకంటే బాగా వండుతారు. పులుసు, పచ్చడి, వేపుడు నా దగ్గర నేర్చుకునే పని మీకు లేదు. అందుకని మీలో చాలామంది తినని వంట చెప్తాను. దాని పేరు ఖౌస్వే. అది బర్మా దేశపు వంట. పేరు కొత్తగా ఉందని భయపడకండి. కావలసిన సరుకులు చాలావరకు మీ ఇంట్లోనే ఉంటాయి. నూడుల్స్ మాత్రం కొనాలి.

బర్మా వంట మనకెందుకు అంటారా? ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళని అడగండి. "ఆయన రంగం వెళ్ళాడు" అనే మాట విని ఉంటారు. రంగం అంటే రంగూన్ పట్నం. ఇప్పుడు ఆ ఊరిని యాంగోన్ అంటున్నారు. బర్మాని మయన్మార్ అంటున్నారు. 1989లో ఈ పేర్లు మార్చారు. తెల్లవాళ్ళ కాలంలో మన తీరం నుంచి వేలమంది ఓడ ఎక్కి కూలికి రంగం వెళ్ళారు. రేవులో మూటలు మోశారు. బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కాకినాడ దగ్గర కోరంగి ఉంది కదా. అప్పట్లో అది పెద్ద రేవు. ఆ పేరు మీదనే మన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు.

మా తాత అలా వెళ్ళినవాడే. పెళ్ళయ్యాక అమ్మమ్మ వెళ్ళింది. మా అమ్మ అక్కడే పుట్టింది. 1962లో ఆ దేశంలో సైన్యం అధికారం పట్టింది. 1964లో దుకాణాలని ప్రభుత్వం తీసేసుకుంది. మనవాళ్ళకి బతుకుతెరువు పోయింది. చేతికి అందింది పట్టుకుని ఓడ ఎక్కారు. అలా వచ్చినవాళ్ళలో కొందరు విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర ఉండిపోయారు. ఆ చోటుని బర్మా క్యాంపు అంటారు. మద్రాసు చేరినవాళ్ళు కొందరు బళ్ళ మీద "అతో" అనే నూడుల్స్ అమ్మారు. అదీ బర్మాదే.

మా అమ్మమ్మ సామాను ఏమీ తేలేకపోయింది. ఖౌస్వే వండడం మాత్రం మర్చిపోలేదు. ఏడాదికి రెండు మూడుసార్లు చేసేది. ఆమె ఎవరినీ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "చేసినప్పుడు తినండి, చాలు" అనేది. మేమూ అడగలేదు. అమ్మమ్మ ఉంది కదా, ఇంకేం అనుకున్నాం.

1993లో మా వీధిలో రాత్రిబడి పెట్టారు. నాకప్పటికే ఇద్దరు పిల్లలు. పలక పట్టుకోవడానికి సిగ్గేసింది. అయినా వెళ్ళాను. ఆ ఏడే అమ్మమ్మ మంచం పట్టింది. అన్నం సయించేది కాదు. ఒకరోజు ఖౌస్వే కావాలని అడిగింది. మా అమ్మ ఎంతో ఆశగా చేసింది. కోడిని కోయించింది. కొబ్బరి పాలు పోసింది. రుచిగా ఉండాలని గరం మసాలా కూడా వేసింది. పాలు విరిగిపోయాయి. అమ్మమ్మ రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టింది.

"ఒలే, ఇది ఖౌస్వే కాదే. కోడికూరలో సేమ్యాలు ఏసినావు. మసాలా ఎవులు ఎయ్యమన్నారు?" అంది.

అమ్మ ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. గోడకి పాత క్యాలెండరు ఉంది. ఒక కాగితం చింపాను. పిల్లల పెన్సిలు తెచ్చుకున్నాను. "అమ్మమ్మా, చెప్పు. రాసుకుంటాను" అన్నాను.

ఆమె నవ్వింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాను. శనగపిండిని "సనగపిడి" అని రాశాను. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది. ఇదిగో, చూడండి. తప్పులు చూసి నవ్వకండి!

ఒక చిక్కు వచ్చింది. ఆమె చెప్పిందంతా గుప్పెడు, చిటికెడు, చారెడు. ఎవరి గుప్పెడు? నా చెయ్యి పెద్దది. అమ్మది ఇంకా పెద్దది. అందుకని శనగపిండి డబ్బా మంచం దగ్గరికి తెచ్చాను. అమ్మమ్మ చేత గుప్పెడు తీయించాను. దాన్ని పెద్ద చెంచాతో కొలిచాను. నాలుగు చెంచాలు వచ్చింది. అలాగే రాశాను. కానీ జబ్బుతో ఆమె చెయ్యి సన్నబడిపోయింది. బాగున్న రోజుల్లో ఇంకో చెంచా పట్టేదేమో. అందుకే నేను ఐదు వేస్తాను.

ఇక చెప్తాను, రాసుకోండి. ఇది ఐదుగురికి.

ముందుగా ఐదు చెంచాల శనగపిండిని నూనె లేకుండా సన్నని మంట మీద వేయించండి. కమ్మని వాసన రావాలి. రంగు మారకూడదు. చల్లారాక చన్నీళ్ళలో జారుగా కలిపి పెట్టుకోండి. వేడినీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. మా అమ్మ పచ్చి పిండి వేసింది. అందుకే పిండివాసన వచ్చింది.

పెద్ద కొబ్బరికాయ ఒకటి తురిమి పాలు తీయండి. మొదటిసారి తీసిన చిక్కటి పాలు వేరే ఉంచండి. అదే తురుములో మళ్ళీ నీళ్ళు పోసి పలచటి పాలు తీయండి.

మూడు ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం ముక్క, నానబెట్టిన ఎండుమిరపకాయలు ఐదు ముద్దగా నూరండి. నాలుగు పెద్ద చెంచాల నూనెలో అర చెంచా పసుపు, ఈ ముద్ద వేసి వేయించండి. ఇక్కడ తొందర పడకండి. ముద్దలో తడి పోయి నూనె మళ్ళీ పైకి తేలాలి. బర్మావాళ్ళు దీన్ని "నూనె తిరిగి రావడం" అంటారు. చాలా కూరలకి వాళ్ళు చూసే గుర్తు ఇదే.

అప్పుడు అరకిలో కోడి మాంసం చిన్న ముక్కలు వేయండి. ఉప్పు వేయండి. ముక్క తెల్లబడ్డాక పలచటి పాలు, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా ఉడకనివ్వండి. తర్వాత శనగపిండి నీళ్ళు పోస్తూ కలపండి. పావుగంట ఉడికితే పులుసు కాస్త చిక్కబడుతుంది. మరీ గట్టిపడితే వేడినీళ్ళు పోయండి. ఆఖరున మంట తగ్గించి చిక్కటి పాలు పోయండి. ఇక మరగనివ్వకండి. మరిగితే విరుగుతాయి. ధనియాలు, లవంగాలు, మసాలా ఏవీ వద్దు. అక్కడ ఉప్పుతోపాటు చేపల ఊట కూడా వేస్తారు. మన దగ్గర లేకపోతే ఉప్పు చాలు. కోడి కొనలేనప్పుడు నేను ఉడికించిన గుడ్లతోనే చేస్తాను.

నూడుల్స్ నాలుగువందల గ్రాములు చాలు. మసాలా పొట్లం లేని ఉత్త నూడుల్స్ కొనండి. ప్యాకెట్టు మీద తేదీ చదివి మరీ తీసుకోండి. ఉడికించి, చన్నీళ్ళతో కడిగి, కాస్త నూనె రాయండి. లేకపోతే అంటుకుంటాయి. గుప్పెడు నూడుల్స్ పక్కకి తీసి, బాగా ఆరబెట్టి, నూనెలో కరకరలాడేలా వేయించండి. తడి ఉంటే నూనె చిందుతుంది, జాగ్రత్త.

వడ్డించేటప్పుడు ముందు గిన్నెలో నూడుల్స్ వేయాలి. పైన వేడి పులుసు పోయాలి. ఉడికించిన గుడ్డు సగం, పచ్చి ఉల్లి చీలికలు, వేయించిన నూడుల్స్, నూనెలో వేయించిన కారం, నిమ్మముక్క మధ్యలో పెట్టాలి. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుంటారు. వండినవాళ్ళు ఉప్పు తక్కువ, పులుపు ఎక్కువ అని తిట్లు తినక్కర్లేదు.

ఇంకో సంగతి. పులుసులో ఆగితే నూడుల్స్ నాని ఉబ్బిపోతాయి. వెంటనే తినాలి. మిగతా రోజుల్లో మా ఇంట్లో మగవాళ్ళు తిన్నాకే ఆడవాళ్ళు తినేవాళ్ళు. ఖౌస్వే రోజున మాత్రం అమ్మమ్మ అందరినీ చాప మీద చుట్టూ కూర్చోబెట్టేది. తానూ కూర్చునేది. బర్మాలో అందరూ గుండ్రటి పొట్టి బల్ల చుట్టూ కలిసి తింటారు. తాత మొహం ముడుచుకునేవాడు. కానీ ఖౌస్వే ఆయనకి ప్రాణం. ఏమీ అనలేకపోయేవాడు.

ఆ కాగితం చూసి నేనే రెండోసారి చేశాను. అమ్మమ్మ మంచం మీదే లేచి కూర్చుంది. నిమ్మకాయ తనే పిండుకుంది. గిన్నె ఖాళీ చేసింది. "ఉప్పు తక్కువైంది" అంది. మరో నెలకి పోయింది.

కాగితంలో ఉప్పు ఎంతో రాయలేదు. అడగడం మర్చిపోయాను. మీరు రుచి చూసి వేసుకోండి.

పొయ్యి మీద పులుసు వేడిగా ఉంది. గిన్నెలు తెచ్చుకోండి. అందరం ఒకేసారి కూర్చుందాం.