యంత్రమునకు కాలనిర్ణయము



చెన్నపట్టణము నుండి బెజవాడకు కోస్తా వెంబడి రైలుదారి 1899లో కలిసినది. ఆ దారిమీద బిట్రగుంట ఆవిరి ఇంజనులకు నెలవై, లోకోషెడ్డు గల ఊరుగా పేరుగాంచినది. ఆవిరి ఇంజనుల కాలము చూచిన పెద్దలకు వాటి చప్పుడు చెవికి పట్టిన పాట. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రము ఒక్కమారు తిరుగులోపల వాడిన ఆవిరి నాలుగుమారులు పొగగొట్టము గుండ వెడలును. ఆ నాలుగు దెబ్బలు సమానమైన ఎడముతో వినబడినచో వాల్వుల అమరిక సరిగానున్నట్లు. ఒక దెబ్బ కుంటినచో ఆవిరి వేళ తప్పి నడచుచున్నట్లు. వేళ తప్పిన ఇంజనునకు ఎంత బొగ్గు వేసినను అందులో కొంత వృథాయే.

బలము కంటె కాలము ప్రధానమను ఈ ధర్మము ఆవిరితో అంతరింపలేదు. నేటి మోటారు కారులో ఆ ధర్మమును కాపాడునది టైమింగు చైను అను ఇనుప గొలుసు. పిస్టను రెండుమారులు దిగి, రెండుమారులు ఎక్కినగాని ఒక ఆవృత్తి పూర్తికాదు. గాలిని, ఇంధనమును పీల్చుట, అదుముట, మండి త్రోయుట, పొగను వెడలించుట అను నాలుగు పనులు అందులో జరుగును. ఈలోపల పిస్టనులను నడుపు క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. వాల్వులను తెరచు క్యాం షాఫ్టు ఒక్క చుట్టే తిరుగును. శుక్లపక్షము, కృష్ణపక్షము రెండును గడచిననే మాసమగు చందమిది. ఈ రెంటిని తప్పిపోకుండ కట్టియుంచునదే గొలుసు.

క్రాంకు చక్రమునకు 20 పళ్ళు, క్యాం చక్రమునకు 40 పళ్ళు ఉన్నవనుకొందము. గొలుసు ఒక్క పన్ను తప్పి కూర్చున్నచో క్రాంకు లెక్కలో 18 డిగ్రీల తేడా వచ్చును. పెక్కు ఇంజనులలో పిస్టను, వాల్వు ఒకే చోటును వేర్వేరు వేళల వాడుకొనును. ఒకే తూము నీటిని వంతులవారీగా పెట్టుకొను ఇరువురు రైతులకు వంతు తప్పినచో గట్టుమీద తగవు మాత్రమే వచ్చును. ఇచ్చట వంతు తప్పినచో వాల్వు వంగును, పిస్టను పగులును, అప్పు చేసి కట్టించుకొన్న ఇంజను ఒక్క క్షణములో తుక్కగును.

కంపెనీ ఇంజనులో చక్రములమీద, గొలుసుమీద గుర్తులుండును. గుర్తుకు గుర్తు కలిపిన పని ముగియును. ఒక కారు బ్లాకు, వేరొక కారు హెడ్డు, మరియొక చోటి క్యాం షాఫ్టు తెచ్చి కూర్చిన ఇంజను సంగతి వేరు. ఆ గుర్తులు కదలిన సర్వేరాళ్ళ వంటివి. రాయి ఉన్నది గదా యని దాని మీదనుండి గొలుసు వేసినచో పొలిమేర తప్పును. హెడ్డు అడుగుభాగము చెక్కించినను క్యాం క్రాంకునకు దగ్గరయై, వదులైన గొలుసును టెన్షనరు లాగుకొనుటచే క్యాం కొంచెము వెనుకబడును. కావున ఇట్టి ఇంజనులో గుర్తును నమ్ముటకు ముందు కొలువవలయును.

మొదట కొలువవలసినది పిస్టను పరాకాష్ఠ. పిస్టను పైకి చేరినచోట క్రాంకు కొంత తిరిగినను పిస్టను కదలినట్లే కనబడదు, కన్ను మోసపోవును. అందుచే స్పార్కు ప్లగ్గు రంధ్రమున పిస్టనును మధ్యలోనే ఆపు అడ్డు బిగించి, క్రాంకునకు డిగ్రీల చక్రము తగిలించి, చేతితో మెల్లగా ఒకవైపు త్రిప్పి ఆగినచోట అంకె వ్రాయవలయును. పిమ్మట రెండవవైపు త్రిప్పి అచ్చటి అంకె వ్రాయవలయును. సున్నకు ఒకవైపు 30, రెండవవైపు 34 వచ్చిన వనుకొందము. మొత్తము 64, సగము 32. రెండువైపుల 32 వచ్చునట్లు డిగ్రీల చక్రమును సరిదిద్దిన, సున్న నిజమైన శిఖరమున నిలుచును. పొగబండి వాల్వులు సరిచేయు ఫిట్టర్లు సైతము ఇట్లే పిస్టను కొసకు ఇరువైపుల చక్రముమీద గీతలు గీసి, నడిమి చుక్కనే ప్రమాణముగా గొనిరి. ఇరువురు సాక్షుల మాటల నడుమ న్యాయము తేల్చినట్లు ఇది.

క్యాం విషయమునను ఇదే న్యాయము. వాల్వు పూర్తిగా తెరచుకొన్న చోటును కంటితో చూడక, డయలు కొలబద్ద పెట్టి, శిఖరమునకు ఇరువైపుల సమానమైన ఎత్తు వచ్చు అంకెలు రెండు గుర్తించి, వాటి సగము పట్టవలయును. దానిని క్యాం తయారుచేసినవారి కాగితముతో పోల్చవలయును. క్యాం చక్రములోపల నూనె ఒత్తిడితో వేళను మార్చు అమరిక ఉన్నచో, దానిని విశ్రాంతి స్థానమున బంధించిన పిమ్మటనే ఈ కొలత చెల్లును.

హైబ్రిడ్ అను మాట విత్తనముల వలన రైతులకు పరిచితమే. పెట్రోలు ఇంజను, విద్యుత్తు మోటారు కలసి నడుపు కారునకును అదే పేరు. 1997లో జపానులో అమ్మకమునకు వచ్చిన టయోటా ప్రియస్ మొదలు, 2022లో మన దేశమున వెలువడిన ఇన్నోవా హైక్రాస్ వరకు ఇట్టివి. వీటి ఇంజనులలో గాలి పీల్చు వాల్వు కావలెననియే ఆలస్యముగా మూసికొనును. లోనికి వచ్చిన గాలిలో కొంత వెనుకకు పోవును. అదుముట తగ్గి, మండి త్రోయుట పూర్తిగా నుండును. బలము కొంత తగ్గినను ఇంధనము ఆదాయగును. తగ్గిన బలమును మోటారు పూరించును. 1880ల నాటి ఆంగ్లేయుడు జేమ్సు ఆట్కిన్సను పేర ఈ పద్ధతి చెలామణి యగుచున్నది. ఎరుగని మిస్త్రీ ఈ ఆలస్యమును దోషమని తలచి క్యామును ముందుకు జరిపినచో చికిత్సయే రోగమగును. అట్టి క్యామును తెచ్చి మోటారు లేని కారులో బిగించినచో బండి ఎత్తు ఎక్కలేక రొప్పును.

ప్రాణాపాయము మరియొకటి కలదు. హైబ్రిడ్ కారు సిద్ధస్థితిలో నున్నచో ఇంజను తనంతట తానే తిరుగనారంభింపవచ్చును; పెద్ద బ్యాటరీలో ప్రాణము తీయు విద్యుత్తు ఉండును. నారింజరంగు తీగలు దానివే. తెలిసినవాడు ఆ విద్యుత్తును విడదీసి, చెప్పినంతసేపు ఆగిన పిమ్మటనే ఇంజనుమీద చేయి వేయవలయును.

గొలుసు వేయునపుడు లాగుడు పడువైపున వదులు లేకుండ పరచి, మిగిలిన వదులునంతయు టెన్షనరు వైపునకు తేవలయును. టెన్షనరు విడిచిన తరువాత ఇంజను తిరుగు దిక్కుననే చేతితో రెండు చుట్లు త్రిప్పవలయును. వెనుకకు త్రిప్పినచో గొలుసు వదులై పన్ను దాటవచ్చును. రెండు చుట్ల పిదప చక్రముల గుర్తులు తమ చోటికి రావలయును. గొలుసులోని రంగు లంకెలు రాకపోయినను భయము లేదు. 122 లంకెల గొలుసు 20 పళ్ళ చక్రముమీద నడచినచో అవి మరల కలియుటకు క్రాంకు 122 చుట్లు తిరుగవలయును. సూర్యచంద్రుల లెక్కలు కలియుటకు అధికమాసము వరకు వేచినట్లే ఇదియును.

కూర్పుడు ఇంజనునకు చివరి పరీక్ష మైనపు ముద్ద. పిస్టను తలమీద మెత్తని ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, గొలుసు వేసి, చేతితో రెండు చుట్లు త్రిప్పి, మరల విప్పి, ముద్దను కోసి మందము కొలువవలయును. గాలి వాల్వువద్ద 2 మిల్లీమీటర్లు, పొగ వాల్వువద్ద 2.5 మిల్లీమీటర్లు కనీసముగా నుంచుట వాడుక. త్రిప్పునపుడు ఏదేని అడ్డు తగిలినచో బలము చేయక నిలిపివేయవలయును. చేతికి తగిలిన అడ్డు హెచ్చరిక. తాళము త్రిప్పిన పిదప తగిలినది నష్టము.

ఈ పనికంతకు ఒక పూట పట్టును. కూలి లెక్కలో ఆ పూట వృథాగా కనబడవచ్చును. ఇంజను వెలలో అది అణువు. కొలిచిన అంకెలను తేదీతో ఒక పుస్తకమున వ్రాసియుంచిన మిస్త్రీకి, మరుసటి మారు ఆ ఇంజను విప్పునపుడు పని సగము తగ్గును. అట్టి కొలతల పుస్తకమును, యంత్రములు చేసినవారి పుస్తకములును ప్రబంధముల ప్రక్కన చోటుచేసికొనుట గ్రంథాలయమునకు చిన్నతనము గాదు. పని నేర్చుకొను కుర్రవాడు తాళము త్రిప్పక మునుపు ఒక పుట త్రిప్పినచో, ఇరువదియైదేండ్లుగా ఇచ్చట వెలిగిన దీపము అతని చేతిపనికిని వెలుగిచ్చినట్లగును.