పటం కట్టేటప్పుడు మూలల సంగతి

మన చాకవేలు పక్క చాలా ఇళ్ళల్లో గోడమీద కైవారం తాతయ్య పటమో, వెంకటేశ్వరస్వామి పటమో ఉంటుంది. ఈసారి దండం పెట్టుకున్నాక ఆ చట్రం మూలలు కూడా చూడండి. కొన్నింట్లో సందు కనబడుతుంది, దానిమీద రంగు పూసి ఉంటుంది.

నేను మొదట మా అక్కకు కట్టిచ్చిన పటం అలాంటిదే. వానాకాలంలో వేపకర్రతో చేశాను. ఆరోజు మూలలో గోరు దూరలేదు. ఎండలు ముదిరేసరికి లోపలివైపు విడింది. ఒకనాడు అద్దం జారి, బిడ్డను పడుకోబెట్టే చాపమీద పడింది. ఆ పూట బిడ్డ అక్కడ లేదు, అంతే.

కోత తప్పనుకున్నాను. తప్పు పచ్చికర్రది. కర్ర ఎండితే వెడల్పు తగ్గుతుంది, పొడవు దాదాపు తగ్గదు. దాంతో 45 డిగ్రీల కోత కాస్త మారి, మూల లోపలివైపు విడుతుంది. చెమ్మ పీలిస్తే బయటివైపు విడుతుంది. అందుకని పట్టీలు కోసి, నీడలో గాలి తగిలేచోట కొన్ని వారాలు ఆరనివ్వండి.

ఇక కోత. చట్రానికి ఎనిమిది కోతలు. ఒక్కొక్కటి అర డిగ్రీ ఒకేవైపు తప్పినా ఆఖరి మూలకు 4 డిగ్రీలు చేరతాయి. రెండంగుళాల పట్టీలో అది 5 మిల్లీమీటర్ల సందు! ముందు రెండు తుండుముక్కలు కోసి, జతచేసి, మూలమట్టంలో పెట్టి వెలుతురుకు పట్టుకోండి. సందున వెలుగొస్తే కోత సరిచేసుకోండి. ఎదురెదురు పట్టీలను జతగా నిలబెట్టి కొనలు వేలితో తడమండి. ఇక్కడ కంటికన్నా వేలే నయం. కోతమీద ఉప్పుకాగితం రుద్దవద్దు, అంచు గుండ్రమైపోతుంది.

కోసిన కొన జిగురు తాగేస్తుంది. పలచగా ఒకసారి పూసి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పూయండి. చట్రం చుట్టూ పురికొస కట్టి, పుల్లతో మెలిపెట్టి బిగించండి. వెంటనే మూలనుంచి మూలకు రెండువైపులా కొలవండి. ఒకటి ఎక్కువుంటే ఆ రెండు మూలలనూ దగ్గరికి నొక్కండి. జిగురు ఆరాక ఇది కుదరదు.

మేకు కొడితే సన్నపట్టీ చీలుతుంది. దానికి బదులు, జిగురు ఆరాక మూలకు బయటినుంచి రెండు పట్టీలకూ తగిలేలా రంపంతో గాడి కోసి, పలచని చీలికను జిగురుతో దూర్చండి. అక్క పటానికి మళ్ళీ అలాగే చేశాను. అద్దం మాత్రం గాడికన్నా రెండు మిల్లీమీటర్లు చిన్నదిగా కోయించుకోండి, కర్ర ముడుచుకుంటే దానికి చోటుండాలి.