కాగితము, గట్టు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అనిరి మన పెద్దలు. స్థలము కొని చూడుమని అనలేదు. ఆనాడు ఊరిలో ఏ చెక్క ఎవరిదో ఊరివారందరు ఎరుగుదురు. నేడు దివిసీమలో పొలమమ్మి విజయవాడ శివారున రెండువందల గజములు కొనువానికి అచ్చటి పొరుగువారు తెలియరు. కావున కాగితమునే నమ్ముచున్నాడు.

శ్రోతల ఉత్తరములలో మాకు తరచు కనబడు వాక్యమొకటి కలదు: "రిజిస్టరైనది గదా, ఇంక భయమేమి?" దస్తావేజు రిజిస్టరు కావలసినదే, 1908 నాటి చట్టము అట్లే చెప్పుచున్నది. అయితే వ్రాసియిచ్చినవాడు ఇతడేనా, వ్రాసియిచ్చినట్లు ఒప్పుకొనుచున్నాడా అనునవే సబ్ రిజిస్ట్రారు ముఖ్యముగా విచారించును. అమ్మువానికి హక్కు కలదా లేదా అని తీర్పు చెప్పుట ఆయన పని కాదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడునుండి వచ్చిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ మాటనే స్పష్టపరచినది. హక్కును నిశ్చయించి నమోదు చేయవలెనని మన రాష్ట్రము 2022లో చేసిన చట్టము 2024లో రద్దయినది. కనుక విచారణ భారము కొనువానిదే.

మొదట ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయవలెను. కాని రిజిస్టరు కానిది అందు కనబడదు. వీలునామా రిజిస్టరు కానక్కరలేదు. అసలు దస్తావేజులను కుదువనుంచి తెచ్చిన అప్పు సయితము రిజిస్టరు కాకుండ ఉండవచ్చును. కావున అసలు దస్తావేజులను కంటితో చూడవలెను. నకలు చూపి, అసలు పెట్టెలో భద్రముగా నున్నదనువానితో బేరము ఆపవలెను.

పిత్రార్జితమైనచో సంతకములను లెక్కింపవలెను. మన రాష్ట్రమున 1986లో, దేశమంతటను 2005లో వచ్చిన సవరణలు హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలను కుమారులతో సమానముగా భాగస్వాములను చేసినవి. "కట్నమిచ్చి పంపితిమి" అనుట దీనికి సమాధానము కాదు. 2004 డిసెంబరు 20కి పూర్వమే పంపకములు జరిగినవన్నచో, ఆ పంపకపు దస్తావేజును చూపుమనవలెను.

మన డెల్టాలో మరియొక చిక్కు కలదు. ఆడపిల్లకు పసుపుకుంకుమల క్రింద ఎకరమో అరయెకరమో చూపుట వాడుక. కౌలు ఆమెకు ముట్టుచుండును; కాగితముపై తండ్రి పేరే నిలిచియుండును. మీరు తండ్రివద్ద కొందురు. తొలకరికి ఆమె కౌలుదారు నాగలితో వచ్చును. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ఇచ్చట కఠినముగా నున్నది. భూమి వాస్తవముగా ఎవరి స్వాధీనమున నున్నదో, వారికి ఏదేని హక్కున్నచో అది కొనువానికి తెలిసినట్లే భావింపబడును. "నాకు తెలియ"దనుట చెల్లదు. కనుక గట్టుమీదికి నడువవలెను. కౌలు ఎవరికి కొలుచుచున్నావని సేద్యము చేయువానినే అడుగవలెను. హద్దులను ప్రక్క పొలమువారిచే చెప్పించుకొనవలెను.

చివరగా, ధర అగ్గువగా కనబడినచో కారణము విచారింపవలెను. 2014లో అమరావతి ప్రాంతము రాజధానిగా నిర్ణయమైన పిమ్మట కృష్ణకు రెండు వైపులను భూమికి గిరాకి పెరిగినది. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూములును అచ్చట కలవు. 1977 నాటి చట్టము అట్టి భూముల అమ్మకమును నిషేధించినది. నిషేధమును మీరి కొనినవానికి హక్కు సంక్రమింపదు. ఆ చట్టమునకు తరువాత సవరణలు వచ్చినవి. ఏ మినహాయింపు తన సర్వే నంబరునకు వర్తించునో తెలిసికొనకుండ, నిషిద్ధ ఆస్తుల జాబితా చూడకుండ బయానా ఇయ్యరాదు. అమ్మిన పేదవానికి భూమి పోవును, కొనినవానికి డబ్బు పోవును. మధ్యవర్తి రుసుము మాత్రము నిలుచును.

ఒక కుటుంబము ముప్పదియేండ్లు కూడబెట్టినది ఒక సంతకముతో చేతులు మారును. తాంబూలము పుచ్చుకొనుటకు ముందు ఒక దినము న్యాయవాదివద్ద, ఒక దినము ఆ గట్టుమీద గడపుడని మా మనవి. కోర్టు మెట్లపై గడపవలసిన యేండ్ల ముందు ఆ రెండు దినములు ఎక్కువ కావు.