మోడల్ రైల్వేకు కింది అంతస్తు
(విశ్రాంత రైల్వే ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తర్వాత పిల్లల ఉద్యోగాల వెంట మనలో చాలామందిమి కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లకు చేరాం. కొందరం ఒక గదిలో బల్లలు వేసి మోడల్ రైల్వే పెట్టుకున్నాం. ఏళ్ల తరబడి చేసుకున్న ఆ లేఅవుట్ చెడకుండా, దాని కింద ఇంకో అంతస్తు ఎలా చేర్చాలో చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు.

ఇది ఎందుకు అవసరమో ముందు మనవి చేస్తాను. మా గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. నాలుగు గోడల వెంట లైను, ఒక పక్క హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషను. బండి బయల్దేరి గది చుట్టి మళ్లీ అదే స్టేషనుకు వస్తుంది. స్టేషను మాస్టరుగా పనిచేసినవాడికి ఇది రుచించదు. సికింద్రాబాద్–వాడి మార్గం 1874లో నిజాం ప్రభువుల కాలంలో మొదలైంది; ఆ మార్గం మీదనే 2003 ఆగస్టులో లింగంపల్లి దాకా ఎంఎంటీఎస్ బళ్లు వచ్చాయి. అవతల ఒక స్టేషను ఉంటేనే లైన్ క్లియర్ అడగడానికి అర్థం. ఆ వాడి జంక్షన్‌ను నేను కింది అంతస్తులో పెట్టాను. అది పైకి కనబడని నాలుగు లైన్ల యార్డు. బండి లింగంపల్లి దాటి కిందికి దిగిపోతుంది, తన వేళకు తిరిగి పైకి వస్తుంది.

అంతస్తులు రెండు ఉన్నంత మాత్రాన చాలదు, నడుమ దారి కుదరాలి. మన పేటనే చూడండి. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ ఒకచోట, 2019 మార్చిలో వచ్చిన మెట్రో హైటెక్ సిటీ ఇంకొకచోట. పేరు ఒకటే, మధ్య ఆటో ఎక్కాలి. అమీర్‌పేటలోనైతే రెండు మెట్రో లైన్లు ఒకదాని మీద ఒకటి పోతాయి. మెట్లెక్కితే బండి మారవచ్చు. మన గదిలో కష్టమంతా ఆ మెట్ల దగ్గరే.

లెక్క చూద్దాం. హెచ్.ఓ. స్కేలు, అంటే అసలులో 87వ వంతు. స్ప్రింగులా చుట్లు తిరుగుతూ దిగే లైనును హెలిక్స్ అంటారు. 61 సెంటీమీటర్ల వ్యాసార్ధం తీసుకుంటే ఒక చుట్టు 3.83 మీటర్లు. పెట్టె దూరడానికి ఎత్తు, ప్లైవుడ్ మందం, పట్టాలు కలిపి చుట్టుకు 10 సెంటీమీటర్లు దిగాలి. అంటే 38కి 1 వాలు. బోర్ ఘాట్ 37కి 1 అని మీకు తెలుసు. అక్కడ బ్యాంకర్ ఇంజన్లు లేనిదే బరువు బళ్లు ఎక్కవు. పైగా ఇది అంతా వంపే. బ్రాడ్‌గేజిలో డిగ్రీకి 0.04 శాతం చొప్పున వాలు తగ్గించడం మన పద్ధతి. ఇక్కడ తగ్గించే చోటు లేదు కనుక వంపు లాగుడు కూడా కలిసి ఇంజనుకు 25కి 1 ఎక్కుతున్నట్టే ఉంటుంది.

నేను 30 సెంటీమీటర్లు దించాను. మూడు చుట్లు, పదకొండున్నర మీటర్లు. స్కేలు ప్రకారం సరిగ్గా ఒక కిలోమీటరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో బండి నిమిషమున్నర సేపు కనబడదు. హెలిక్స్‌కే 1.3 మీటర్ల చోటు పోతుంది. మిగిలిన గోడ వెంట పాయింట్లు పోను ఆరు పెట్టెల రేకు మించి పట్టదు.

అంత చోటు లేనివారు గోడల వెంటే 50కి 1 వాలుతో దిగవచ్చు. ఇలాంటి గదిలో ఒక చుట్టుకు 12 మీటర్ల లైను వస్తుంది, 24 సెంటీమీటర్లు దిగుతుంది. అయితే తలుపు దగ్గర తీసిపెట్టే వంతెన రెండు ఎత్తుల్లో కావాలి.

ఇంతకంటే ముఖ్యమైనది మన మోకాళ్లు. బండి పట్టా తప్పేది చెయ్యి అందని చోటే. డెబ్బయ్యో ఏట బల్ల కింద పాకలేం. అందుకే రెండు అంతస్తుల నడుమ చెయ్యి మణికట్టు దాకా దూరాలి, యార్డు లోతు 45 సెంటీమీటర్లు దాటరాదు, కుర్చీలో కూర్చుంటే అన్ని లైన్లూ అందాలి. నాలుగు లైన్లకూ ట్రాక్ సర్క్యూట్ పెట్టి, పైన ప్యానెల్ మీద దీపాలు ఇవ్వండి. హెలిక్స్ అంచుకు రెండంగుళాల అట్టగోడ కట్టండి. మూడడుగుల ఎత్తునుంచి పడిన ఇంజను ఖరీదు పెన్షనులోంచే పోతుంది.

పని వరస మన శాఖలో చేసినట్టే. ముందు పై బల్ల కాళ్లు తీసి, బరువును గోడ బ్రాకెట్లకు ఎక్కించాలి. తేలిక ఇటుకల గోడలైతే మామూలు మేకు పట్టదు. కాలమ్, బీమ్ ఎక్కడున్నాయో చూసి బోల్టు వేయించండి. తర్వాత కింది యార్డు, హెలిక్స్ విడిగా పూర్తిచేసి, అత్యంత పొడవైన రేకును సగం ఎత్తులో ఆపి మళ్లీ కదిలించి చూడాలి. వెనక్కి కూడా నెట్టించాలి. తేలిక పెట్టెలు ముందుంటే వంపు లోపలికి ఒరుగుతాయి కనుక బరువులు సమంగా ఉంచాలి. ఇవన్నీ నెగ్గాకనే పై లైనుకు రంపం. దాన్నికూడా ఒక్కచోటే కోసి, ఒక్కరోజు బ్లాక్ తీసుకుని పాయింటు వేసి కలిపేయాలి. అప్పటిదాకా పైన బళ్లు నడుస్తూనే ఉంటాయి.

చివరగా ఒక విన్నపం. వైరింగ్ పటం, పని నియమాలు తెలుగులో రాసి గోడకు తగిలించండి. కింది అంతస్తు కంటికి కనబడదు. ఎక్కడ ఏ తీగ ఉందో మనకొక్కరికే తెలిస్తే, మన తర్వాత మనవలు దాన్ని విప్పి అటకమీద పడేయడం తప్ప ఏమీ చేయలేరు. మా ఇంట్లో ఇప్పుడు వాడి జంక్షన్ డ్యూటీ మా మనవరాలిది. నేను లైన్ క్లియర్ అడిగితే పుస్తకంలో వేళ రాసుకునిగాని ఇవ్వదు.

చూడదలచినవారు ఏ ఆదివారమైనా రావచ్చు.