రక్తములో ఒక అక్షరదోషము

ఇటీవల కొన్ని సంవత్సరములుగా వార్తలలో జన్యువులను కత్తిరించుట, దిద్దుట అను మాటలు తరచుగా వినబడుచున్నవి. ఆ మాటలు చెవిని పడగానే కొందరికి గొప్ప ఆశ పుట్టును. మరికొందరికి, సృష్టికర్త పనిలో మానవుడు చేయి పెట్టుచున్నాడను జంకు కలుగును. ఆశగాని జంకుగాని తగిన కొలతలో నుండవలెనన్న, చేసిన పని యేదో, దానివలన తీరిన బాధ ఎట్టిదో ముందుగా తెలిసికొనవలెను. క్రిస్పర్ అను పద్ధతితో జన్యువును దిద్దు చికిత్సలలో మొట్టమొదట ప్రభుత్వముల అనుమతి పొందినది సికిల్ సెల్ అను రక్తవ్యాధికి సంబంధించినది. 2023 నవంబరు 16వ తేదీన బ్రిటన్‌లోను, అదే సంవత్సరము డిసెంబరు 8వ తేదీన అమెరికాలోను దానికి అనుమతి లభించినది.

ఈ వ్యాధి మనకు దూరదేశపు వార్త కాదు. పాడేరు, రంపచోడవరము, భద్రాచలము, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతములలోని కుటుంబములలో ఇది తరతరములుగా నున్నది. గిరిజనులలో ఎక్కువగా కనబడినను ఇతరులలో లేకపోలేదు. కావున ఈ ప్రసంగమున మేము ఆ వ్యాధి ఎట్టిదో, కొత్త చికిత్స చేసిన పని యేమో, అది మన చేతికి అందులోగా మన పిల్లలకొరకు మనము చేయదగిన దేమో వివరింపదలచితిమి.

మన రక్తమునకు ఎరుపునిచ్చు కణములు, నడుమ రెండు ప్రక్కలను వ్రేలితో అదిమిన బిళ్ళలవలె నుండును. ఒక్కొక్క కణము వెడల్పు మిల్లీమీటరులో వెయ్యవవంతులు ఏడో ఎనిమిదో యుండును. శరీరములోని సన్నని రక్తనాళములలో కొన్ని అంతకంటెను ఇరుకైనవి. ఐనను ఈ కణములు మెత్తనివి కావున ఒదిగి, ముడుచుకొని, వాటిలోనుండి జారిపోవును. ఇట్లు సుమారు 120 దినములు తిరిగి, ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును మోసికొనిపోయి అవయవములకు అందించును. ఆ వాయువును పట్టి యుంచునది కణములోని హిమోగ్లోబిన్ అను మాంసకృత్తు.

హిమోగ్లోబిన్ నాలుగు గొలుసులతో కట్టబడినది. వాటిలో రెండు గొలుసులకు 141 చొప్పునను, తక్కిన రెండింటికి 146 చొప్పునను అమైనో ఆమ్లములను పూసలు గ్రుచ్చబడి యుండును. ఏ పూస తరువాత ఏ పూస రావలెనో జన్యువులో వ్రాసియుండును. సికిల్ సెల్ రోగులలో 146 పూసల గొలుసునందు ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లము ఉండవలసినచోట వాలీన్ అనునది వచ్చి చేరును. జన్యువులో ఒక్క అక్షరము మారుటయే దీనికి కారణము. వరము అని వ్రాయబోయి మొదటి అక్షరము తప్పి జ్వరము అని వ్రాసినచో అర్థ మెంత మారునో మనకు తెలియును. దేహమునందును అంతే.

మారిన హిమోగ్లోబిన్ తన ప్రాణవాయువును అవయవములకు ఇచ్చివేసిన పిమ్మట ఒకదాని కొకటి అంటుకొని పొడుగైన కడ్డీలుగా పేరుకొనును. ఆ కడ్డీలు లోపలినుండి పొడుచుటచేత గుండ్రని కణము వంగి కొడవలివలె అగును. ఇంగ్లీషులో సికిల్ అనగా కొడవలియే. ఇట్టి కణములు బిరుసెక్కి, ఇరుకు నాళములలో చిక్కుపడి, వెనుక వచ్చు రక్తమునకు అడ్డుకట్ట వేయును. పైగా ఇవి 10 నుండి 20 దినములలోపలనే నశించును. అందువలన రోగికి రక్తహీనత, కన్నులలో పసుపుదనము, ఆయాసము కలుగును. ప్లీహము చెడి, అంటురోగములను ఎదుర్కొను శక్తి తగ్గును.

వీటన్నిటికంటె రోగిని క్రుంగదీయునది నొప్పి. రక్తము అందని చోట ఎముకలు, కండరములు ప్రాణవాయువు లేక అలమటించును. అక్కడ పుట్టిన రసాయనములు నరముల కొనలను రేపగా, ఆ కబురు వెన్నుపామున బడి మెదడునకు చేరును. పసివారిలో చేతులు, పాదములు వాచి ముట్టుకొననీయకుండుట తరచుగా మొదటి గుర్తు. పెద్దవారిలో నడుము, ఛాతి, కాళ్ళు గంటలకొలది, కొన్నిమార్లు దినములకొలది నొప్పిపెట్టును. ఒడలిలో నీరు తగ్గుట, చలిలో తడియుట, జ్వరము, అతిశ్రమ ఈ నొప్పిని రేపును.

నొప్పి యనునది ఒకరి దేహమున పుట్టి వారికి మాత్రమే తెలియు వార్త. జ్వరమును చూచుటకు థర్మామీటరు కలదు. రక్తపు పోటును చూచుటకు యంత్రము కలదు. నొప్పిని కొలుచుటకు మాత్రము రోగి నోటిమాట తప్ప వేరు సాధనము లేదు. నొప్పి మొదలైననాడు ఎక్స్‌రే తీసినను ఎముకలో ఏమియు కనబడకపోవచ్చును. నిన్న వీధిలో ఆడుకొనిన బాలుడు నేడు కాలు కదల్చలేనని ఏడ్చినచో, బడి ఎగవేయుటకు నెపమని తండ్రి కసరుకొనును. ఎవరో ఏదో చేసినారని అమ్మమ్మ దిష్టి తీయును. ఆ పిల్లవాడు అబద్ధ మాడుటలేదు. వాని ఎముకలో రక్తము నిలిచిపోయినది. ఆ సంగతియే వాడు చెప్పుచున్నాడు.

ఈ వ్యాధి చరిత్ర కొంత విచిత్రమైనది. 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, కరీబియన్ ద్వీపమగు గ్రెనడానుండి చదువుకొరకు వచ్చిన యొక యువకుని రక్తములో కొడవలివంటి కణములు కనబడినవని ప్రకటించెను. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు దోషము హిమోగ్లోబిన్ అణువులోనే యున్నదని చూపిరి. ఒక వ్యాధికి ఒక అణువులోని మార్పే మూలమని తేలుట అదియే ప్రథమము. ఆ మార్పు ఏ పూసలో నున్నదో 1957లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ నిర్ణయించెను. మన దేశమున నీలగిరి గిరిజనులలో ఈ కణములు ఉన్నట్లు 1952లోనే తెలియవచ్చెను.

ఇంత బాధపెట్టు దోషము వేలయేండ్లుగా ఎట్లు నిలిచి యున్నది? ఈ ప్రశ్నకు సమాధానము 1954లో ఆంథొనీ ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో కనుగొనెను. ప్రతి మనిషికి ఈ జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున రెండు ప్రతులు వచ్చును. రెండు ప్రతులును తప్పైనవారికే వ్యాధి. ఒకటి మాత్రమే తప్పైనవారు వాహకులు. వారు సాధారణముగా ఆరోగ్యవంతులే. పైగా ప్రాణము తీయు మలేరియానుండి వారికి మంచి రక్షణ కలుగును. దోమలున్న అడవులలో పసిపిల్లలు జ్వరమునకు బలియగుచుండగా వాహకులు బ్రతికి, సంతానమును కనిరి. దీని దాయాదియగు తలసీమియా విషయమున ఇట్టి ఊహనే జె. బి. ఎస్. హాల్డేన్ 1949లో చేసియుండెను. ఆ మహాశాస్త్రజ్ఞుడు తరువాత మన దేశమునకు వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను.

మన మన్యపు జ్వరము పేరు చెప్పిన పల్లపుసీమవారు ఒకప్పుడు భయపడెడివారు. అట్టి చోట్ల తరతరములు నిలిచిన ప్రజల రక్తములో ఈ గుర్తు ఉండుటలో వింత లేదు. అది శాపము కాదు, పూర్వజన్మపాపము కాదు, ఒక కులపు మాలిన్యము కాదు. పూర్వులు ఒక మహమ్మారిని తప్పించుకొనుటకు చెల్లించిన మూల్యము. ఆ మూల్యమును నేడు కొందరు పిల్లలు తమ ఒడలితో చెల్లించుచున్నారు.

ఇక కొత్త చికిత్స సంగతి. తల్లి గర్భములో నున్న శిశువు రక్తములో వేరొక రకపు హిమోగ్లోబిన్ ఉండును. ఈ రోగముతో పుట్టిన శిశువులుకూడ మొదటి కొన్ని నెలలు సుఖముగా నుండుటకు కారణము అదియే యని 1948లో జానెట్ వాట్సన్ అను వైద్యురాలు సూచించెను. పుట్టిన పిదప ఆ శిశు హిమోగ్లోబిన్ క్రమముగా ఆగిపోయి, పెద్దల హిమోగ్లోబిన్ మొదలగును. దానిని ఆపివేయుటలో బి. సి. ఎల్. 11 ఏ అను జన్యువు ముఖ్యమైనదని 2008లో తేలినది. కావున వైద్యులు తప్పైన అక్షరమును దిద్దలేదు. శిశు హిమోగ్లోబిన్‌ను ఆపు మీటను రక్తకణములలో పనిచేయకుండ చేసిరి. పెద్దవారి దేహమున పసినాటి రక్తము మరల మొదలైనది.

ఆ మీటను కత్తిరించు ఉపకరణమే క్రిస్పర్. బాక్టీరియాలు తమపై దాడి చేయు వైరసులను గుర్తించి నరుకుటకు వాడు ఆయుధమిది. కోరినచోట జన్యువును కత్తిరించుటకు దానిని మలచవచ్చునని 2012లో ఎమ్మాన్యుయెల్ షార్పాంటియే, జెన్నిఫర్ డౌడ్నా చూపి, 2020లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి నందిరి. చికిత్సలో రోగి రక్తమునుండి మూలకణములను తీసి, ప్రయోగశాలలో సవరించి, తిరిగి దేహములోనికి ఎక్కింతురు. 2019లో అమెరికాలో విక్టోరియా గ్రే అను మహిళ ఈ వ్యాధికి ఇట్టి చికిత్స పొందినవారిలో మొదటివారిలో ఒకరు. అనుమతికి ఆధారమైన పరీక్షలో తగినంతకాలము గమనింపబడిన 31 మందిలో 29 మందికి కనీసము ఒక సంవత్సరము వరకు తీవ్రమైన నొప్పి రాలేదు.

ఐనను ఇది సులువైన చికిత్స కాదు. సవరించిన కణములకు చోటు చేయుటకై ముందుగా ఎముకలలోని పాత మూలుగను ఘాటైన మందుతో తుడిచివేయవలెను. ఆ మందువలన సంతానశక్తి పోవు ప్రమాదము కలదు. ఆసుపత్రిలో వారములకొలది ఉండవలెను. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లుగా నిర్ణయించిరి. అనగా ఆనాటి లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు. మన దేశమున ఢిల్లీలోని సి. ఎస్. ఐ. ఆర్. సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు తక్కువ వ్యయముతో ఇట్టి చికిత్సను రూపొందించి, 2025 నవంబరులో బిర్సా 101 అను పేరుతో ప్రకటించిరి. అది సామాన్యుల వాడుకకు రావలెనన్న రోగులపై పరీక్షలన్నియు నెగ్గవలెను.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. ఈ చికిత్సలో మార్పు రోగి రక్తముతోనే ఆగును. వారి సంతానమునకు పోదు. 2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు పిండదశలోనే జన్యువులను మార్చి కవలపిల్లలు పుట్టినట్లు ప్రకటింపగా లోకమంతయు నిరసించెను; అతనికి మూడేండ్ల కారాగారశిక్ష పడెను. రెండు పనులను ఒకే మాటతో పిలుచుచున్నందున రెండును ఒకటియే యని తలపరాదు.

కోట్ల రూపాయల చికిత్స అందులోగా చేయదగిన పనులు తక్కువేమియు కావు. జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన పథకము 2023 జూలై 1వ తేదీన ప్రారంభమైనది. 40 ఏండ్లలోపు వారిలో ఏడు కోట్ల మందికి రక్తపరీక్ష చేయుట దాని లక్ష్యములలో ఒకటి. ఈ పరీక్షకు కొద్దిపాటి రక్తము చాలును. వాహకులని తేలినవారు కలవరపడ నక్కరలేదు. వారికి చికిత్స అవసరము లేదు. కాని వివాహమునకు ముందు ఆ సంగతి తెలిసియుండవలెను. వాహకులైన ఇద్దరు దంపతులైనచో ప్రతి కాన్పునందును వ్యాధిగల శిశువు పుట్టుటకు నాలుగింట ఒకవంతు అవకాశము కలదు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినది కావున తక్కిన ముగ్గురు క్షేమమని లెక్క వేయుట పొరపాటు. ప్రతి కాన్పునకును లెక్క మొదటినుండియే మొదలగును. అట్టి దంపతులు గర్భమునందే పరీక్ష చేయు వసతిని గురించి వైద్యుల నడుగవచ్చును.

పరీక్షాఫలితము తెలుపు కార్డును సంబంధము తప్పిపోవునను భయముతో దాచువారు కలరు. ఆ భయము మేము ఎరుగనిది కాదు. ఆడపిల్ల విషయమున అది మరింత బరువు. కాని బిడ్డకు ఇరువైపులనుండియు జన్యువు రానిదే వ్యాధి రాదు గనుక, కోడలినొక్కతెను నిందించుటకు శాస్త్రములో చోటు లేదు. వరుని కార్డును వధువు కార్డును ప్రక్కప్రక్కన ఉంచి చూచు మర్యాద ఇండ్లలో ఏర్పడినచో, దాచవలసిన అవసరమే తీరును.

వ్యాధిగ్రస్తులకు హైడ్రాక్సీయూరియా అను మాత్ర కలదు. అదియు శిశు హిమోగ్లోబిన్‌ను పెంచి నొప్పులను తగ్గించును. వైద్యుని పర్యవేక్షణలో, అప్పుడప్పుడు రక్తము పరీక్షించుకొనుచు వాడవలెను. చిన్నపిల్లలకు పెన్సిలిన్, టీకాలు అంటురోగములనుండి రక్షణ నిచ్చును. నీరు పుష్కలముగా త్రాగించుట, చలిలో వెచ్చగా కప్పుట, జ్వరము రాగానే ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవుట ఇంటివారి పనులు. బడిలో ఉపాధ్యాయులు ఇట్టి పిల్లలను మాటిమాటికి నీరు త్రాగనీయవలెను, ఎండలో పరుగులు తీయింపరాదు.

ఒక్క అక్షరమువలన పుట్టిన బాధను తీర్చుటకు శాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ ఫలము మన కొండపల్లెలకు ఏనాటికి దిగివచ్చునో అది ధరలమీదను, ప్రభుత్వముల పూనికమీదను ఆధారపడి యుండును. అంతవరకు రాత్రివేళ కాలు పట్టుకొని ఏడ్చు పిల్లవాని మాట నమ్మి, కాసిని నీళ్ళు త్రాగించి, తెల్లవారునంతవరకు ఆగక వైద్యునికడకు ఎత్తుకొనిపోవుటకు మనకు ఎవరి అనుమతియు అక్కరలేదు.